ఆరో వరస నిలకడ

వర్షావాసం, 9వ రోజు

పైన వాన పడుతోందో లేదో నాకు తెలియదు. ఈ కొండ కడుపులోకి దిగి ముప్పయ్యొక్క ఏళ్లయింది, ఇక్కడెవరికీ తెలియదు. అయినా మొదటి భంతే, అంటే మా తొలి బౌద్ధ గురువు, పెట్టిన ఆనవాయితీ కాబట్టి ఏటా మూడు నెలలు వర్షావాసం పాటిస్తాం, రోజులు లెక్కపెట్టుకుంటాం. ఈ తొంభై రోజులూ, ఒకదాని కింద ఒకటిగా ఉన్న ఆరు వరసల జనమూ రోజుకో గంట తమ తమ ధ్యాన గదుల్లో కూర్చోవాలి. గంట కొట్టేది నేను, చేతి పట్టీల అంకెలు చదివేది నేను, ఈ దినచర్య రాసేది నేను. పేరు వరహాలమ్మ. అలా పిలిచేవాళ్లంతా పోయారు. ఊరంతటికీ ఇప్పుడు గంటమ్మనే.

ఇవాళ ఆరో వరస అంకె చూసి కళ్లు నులుముకున్నాను. నూట నలభై మంది, గంటసేపు, మొత్తం కదలికలు మూడు వందల పదకొండు. దగ్గినా, వేలు ఆడించినా, తొడ గోక్కున్నా పట్టీ పట్టేస్తుంది. నిరుడు ఇదే రోజున ఈ వరసలో రెండు వేలు దాటాయి. గాదెలో బస్తాలు మోసే జనం, అన్నిటికన్నా అడుగున ఉండే జనం, మాట మాటకీ కయ్యానికి కాలు దువ్వే జనం. వాళ్లు ఇలా కూర్చున్నారంటే మొదట పట్టీలే పాడయ్యాయనుకున్నాను. మార్చి చూశాను. పట్టీలు బాగానే ఉన్నాయి.

కదిలినవాడు పక్కవాడి గాలి తింటాడు. మా దగ్గర పిల్లలకు ఓనమాలకన్నా ముందు వచ్చే మాట ఇది. ఊరికి గాలి తయారు చేసే పాచి తొట్లు ముసలివైపోయాయి, జనం పెరిగారు. నిలకడగా కూర్చున్న మనిషి ఇంకొకరికి ఇంత గాలి మిగులుస్తాడు. అందుకే నిలకడలో గెలిచిన వరస తలుపు మీద తెల్ల జెండా కడతాం, ఆ వరస వాళ్లను పైకిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక పూట పగటి వెలుగు చూపిస్తాం.

గంట కొట్టాక అందరూ లేచి వెళ్లారు. అసిరమ్మ మాత్రం నా పీట దగ్గరికి వచ్చి నిలబడింది. గాదె దగ్గర తూకం పట్టే మనిషి. ఆరో వరసలో ఎవరి తగువైనా ఆవిడ నోటినుంచే మొదలవుతుంది, ఎవరికి జబ్బు చేసినా ఆవిడ చేతి గంజే ముందు వెళుతుంది.

"గంటమ్మా, బుర్ర పగిలిపోతంది. నాలుగు దినాలైనాది. ఇక్కడ కూకున్నంత సేపూ ఏటోలాగుంటాది. లెగిసి నిలబడితే తగ్గిపోతాది. గాలి సూడమని ఆ జగ్గునాయుడికి సెప్పు."

"నోరు మూసుకుని గంటసేపు కూర్చోవడం నీకు అలవాటు లేక అసిరమ్మా. బుర్ర కాదు, మాటలు లోపల పేరుకుని పగులుతున్నాయి."

"నవ్వు, నవ్వు. మూడడుగుల పీట మీద కూకున్నోలికి నవ్వే వత్తాది."

నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నాను. ఊరు మంచిది కాకే తన నోరు ఇలాగయిందని అంది. రేపు చూద్దామని పంపేశాను.

గాలి ఇంజనీరు జగ్గునాయుడు ఏ ఫిర్యాదునైనా చూడాలంటే దాని మీద నా సంతకం ఉండాలి. చిత్తశాంతి సంతకం అంటారు దాన్ని. ఫిర్యాదు చేసిన మనిషి మనసు కుదురుగానే ఉందనీ, భయంతోనో కోపంతోనో మాట్లాడడం లేదనీ నేను రాసివ్వాలి. ఎనిమిదేళ్ల కిందట మూడో వరసలో ఎవరో గాలి చెడిందని కేక వేస్తే, మెట్ల మీద తొక్కిసలాటలో ఇద్దరు ఆడవాళ్లు నలిగి చచ్చిపోయారు. గాలికి ఏమీ కాలేదు. అప్పుడు ఈ నియమం నేనే రాశాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

వర్షావాసం, 17వ రోజు

ఆరో వరస కదలికలు తొంభై ఆరు. తెల్ల జెండా వాళ్లదే. రెండో వరసలో చదువుకున్న పెద్దమనుషులు ఆరువందల దగ్గర కొట్టుకుంటున్నారు. వాళ్లలో పదిమందిని కిందికి తీసుకొచ్చి, గుమ్మంలో నిలబెట్టి చూపించాను. "చూడండి, బస్తాలు మోసే వాళ్లు ఎలా కూర్చున్నారో. మీకు పుస్తకాలు ఎక్కువయ్యాయి" అన్నాను. సిగ్గుపడి వెళ్లారు. నాకు లోపల పండగే.

అసిరమ్మ మళ్లీ తలనొప్పి అంది. ఈసారి ఇంకో నలుగురు వెనక నిలబడ్డారు. అందరూ చూస్తుండగా కాదనలేక జగ్గునాయుణ్ణి ఊరికే రమ్మన్నాను, కాగితం లేకుండానే. గాలి ఇంజనీరు అన్న మాటే గానీ పాపం మెతక మనిషి. గోడమీద తన ముక్కు ఎత్తున బిగించి ఉన్న మీటరు చూసి, "ఆక్సిజను ఇరవై పాయింట్ ఎనిమిదండి. పైకిటికీ దగ్గర కూడా ఇంత మంచి గాలి లేదండి" అన్నాడు. నేను అసిరమ్మ వైపు చూశాను. ఆవిడ మీటరు వైపు చూసింది.

"మరి నా బుర్రకేటైనాది?"

"అది నా శాఖ కాదమ్మా" అని నావైపు చూపించి వెళ్లిపోయాడు.

నా పీట వెనక గోడమీద మొదటి భంతే చెక్కించిన మాటలు రెండున్నాయి. ఎవరూ ఎవరికన్నా ఎత్తున కూర్చోరాదు. పక్కవారి బాధ అడిగి తెలుసుకోకుండా కళ్లు మూయరాదు. పదకొండేళ్ల కిందట నా మోకాళ్లు అరిగిపోతే వరసల వాళ్లే దయ తలచి గదికో పీట చేయించారు. పీట వెనక ఆనుకునే చెక్కకి మొదటి మాట మరుగున పడింది. రెండోది మేమే మానేశాం. నూట నలభై మంది ఒకరి బాధ ఒకరు అడుగుతూ కూర్చుంటే గాలి ఎంత ఖర్చవుతుంది? అంకె చూపించాక ఊరి సభలో ఎవరూ కాదనలేదు.

వర్షావాసం, 26వ రోజు

ఈ రోజు రాయాలంటే చేయి ఆడడం లేదు. ఇంత గొప్ప విషయం నా చేతుల మీదుగా జరుగుతుందని అనుకోలేదు.

ఆరో వరసలో తవుడు అని ముసలాయన ఉన్నాడు. డెబ్బై ఆరేళ్లు. గాదె కాపలా. గంట కొట్టాను, అందరూ లేచారు, తవుడు లేవలేదు. పట్టీ చూశాను. సున్నా. ముప్పావుగంటగా ఒక్క కదలిక లేదు. ఇరవై ఏళ్లలో నేను ఎవరి పట్టీ మీదా సున్నా చూడలేదు. ముఖం ప్రశాంతంగా, పెదవి మీద చిన్న నవ్వు. ఎవరూ కదపొద్దు అన్నాను. అందరం చుట్టూ నిలబడ్డాం. కొందరు దండం పెట్టారు. కూతురు పోలమ్మ ఏడుస్తూ నవ్వింది, "మా అయ్య సాధించీసినాడు గంటమ్మా" అని.

రెండు గంటలు అలాగే నిలబడ్డాం.

తర్వాత అసిరమ్మ గాదె పని ముగించుకుని వచ్చింది. గుంపును తోసుకుని వెళ్లి ముసలాయన చేయి పట్టుకుంది. "ఓలమ్మో, సల్లగైపోనాడు. బొమ్మని పెట్టుకున్నారేటే ఇంత సేపూ?" అని కేక వేసింది.

ధ్యానంలోనే ప్రాణం విడిచాడని రాస్తున్నాను. పుణ్యాత్ముడు.

వర్షావాసం, 27వ రోజు

పొద్దున్నే అసిరమ్మ పైకి, నా గదికే వచ్చింది. చేతిలో ఫిర్యాదు కాగితం. పోట్లాటకే వచ్చిందని నడకలోనే తెలిసింది.

"ముసిలోడు గాలాడక సచ్చిపోనాడు. నువ్వు దండాలెట్టించినావు."

"డెబ్బై ఆరేళ్లు అసిరమ్మా. అందరికీ ఒక రోజు వస్తుంది."

"వత్తాది. కూకున్నోడికి వత్తాది, నిలబడ్డోడికి రాదేటి? గాదెలో పొద్దస్తమానం నిలబడి పన్జేత్తాను, నాకేటీ అవదు. ఇక్కడ గంట కూకుంటే వాంతొత్తాది. రాతిరి తిన్నదేటో గుర్తుండదు. మొన్న తూకం రెండుపాల్లు తప్పినాను. ఇరవై ఏళ్లలో నాను తూకం తప్పినానా? సంతకం పెట్టు."

ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. పట్టీ మీద అంకె ఆ రెండు నిమిషాల్లోనే అరవై దాటింది. అది చూపించాను. "ఈ అంకెతో నీ మనసు కుదురుగా ఉందని నేనెలా రాసేది? నువ్వే చెప్పు" అన్నాను.

"మనిసి సచ్చిపోతే మనసు కుదురుగా ఉంటాదేటి? అలగున్నోడు మనిసేనా?"

తప్పు మాట కాదని అప్పుడే తెలుసు నాకు. అయినా నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. సంతకం పెట్టలేదు. పెట్టకపోగా మందు కూడా రాసిచ్చాను. వర్షావాసం అయ్యేదాకా అసిరమ్మ రోజుకు రెండు పూటలు కూర్చోవాలి. చోటు కూడా నేనే చూపించాను. గాదె వైపు గోడ వారగా, నేల చల్లగా ఉండే చోటు. "అక్కడ కూర్చో, బుర్ర చల్లబడుతుంది" అన్నాను.

ఆవిడ కాగితం చింపలేదు, విసిరికొట్టలేదు. నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

వర్షావాసం, 40వ రోజు

ఆరో వరస కదలికలు పద్దెనిమిది. పోలమ్మ తండ్రి పేరున పొద్దుటి పూట ఒక సాధన మొదలుపెట్టింది, నేను లేకుండానే వందమందికి పైగా కూర్చుంటున్నారట. మిగతా వరసల వాళ్లు ఈర్ష్యతో చస్తున్నారు.

చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. ఆరో వరస వంటశాలలో అంబలి మూడుసార్లు మాడింది. ఒకావిడ పక్క వాటాలోకి వెళ్లి తన ఇల్లే అనుకుని పడుకుంది. లోకం మీద పట్టు వదులుతోంది, సాధనలో ఇది మామూలే అని చెప్పాను. ఎలా చెప్పానో, ఎక్కడ చదివానో ఇప్పుడు అడిగితే నాకే తెలియదు.

అసిరమ్మ అంకె రెండు. గెలిచానన్న గర్వంతో, గంట కొట్టాక నేనే దిగి ఆవిడ దగ్గరికి వెళ్లాను. "ఎలా ఉంది బుర్ర?" అన్నాను. ఒక తిట్టు వస్తుందని చూశాను. రాలేదు. నా ముఖం గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది.

"ఒక పాలి మా పక్కన కూకో గంటమ్మా" అంది మెల్లగా. "కిందన. ఒక్క పాలి."

ఆ మాటలో పోట్లాట లేదు, బతిమాలడమూ లేదు. ఆ గొంతు అసిరమ్మది కాదు. నాకు ఎక్కడో గుచ్చుకుంది. మోకాళ్ల సంగతి చెప్పబోయి ఆగిపోయాను. సరే, రేపు కూర్చుంటాను, కూర్చుని ఇక్కడే రాస్తాను, అప్పుడైనా నీ అనుమానం తీరుతుంది అన్నాను.

వర్షావాసం, 41వ రోజు

నేల మీద కూర్చుని రాస్తున్నాను. పీట ఖాళీగా ఉంది. అసిరమ్మ నా ఎడమ పక్కన, గోడ వార. నేల చల్లగా ఉంది, తడి ఇసుకలాగ. మొదటి పావుగంట మోకాళ్లు ప్రాణం తోడేశాయి. తర్వాత నొప్పి ఎటో పోయింది. ఎటు పోయిందో వెతికాను. దొరకలేదు. నవ్వొచ్చింది.

ఇరవై ఏళ్లుగా వీళ్లకు చెబుతున్న శాంతి ఇదన్నమాట. నేను ఎప్పుడూ చూడలేదు. చూశానని చెప్పాను వీళ్లకి, అబద్ధం. ఇప్పుడు చూశాను కాబట్టి ఇక అబద్ధం కాదు. ఎంత బాగుందో. అసిరమ్మ చేయి నా చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో.

అందరూ నూట ముప్పయి తొమ్మిది. తవుడు పోతే నూట ముప్పయి తొమ్మిది. గంట కొట్టాలి. గంట పీట మీద ఉంది. చాలా ఎత్తు. కొట్టకపోతే ఏం. అందరూ బాగున్నారు. నూట ముప్పయి తొమ్మిది. అందరూ బాగున్నారు అందరూ నూట ముప్పయి

వర్షావాసం, 42వ రోజు

పైన రాసింది నేనే. నిన్న గాదె మనుషులు పని మారే వేళకు గదిలోకి వచ్చి, వేళ దాటిపోయిందని గంట కొట్టి, నన్ను చంకలకింద పట్టి లేపి లిఫ్టులో పైకి పంపారట. నాకు గుర్తు లేదు. నిద్రపోయాను. పొద్దున్న లేచి, ఆ ఆనందం ఇంకోసారి చదువుకుందామని పుస్తకం తెరిచాను.

అక్షరాలు గీత దాటి మెట్లు దిగినట్టు దిగిపోయాయి. ఆఖరి ముక్క కాగితం అంచు మీదనుంచి పుస్తకం అట్ట మీదికి పోయింది. చిన్నప్పుడు మా నాన్న తప్పతాగి వచ్చి, రేషన్ కార్డు మీద సంతకం అలాగే పెట్టేవాడు. శాంతి ఎవరి చేతిరాతనీ ఇలా చెయ్యదు.

కూర్చున్నవాడికి వస్తుంది, నిలబడ్డవాడికి రాదు. పదిహేను రోజుల కిందట ఆవిడ నా గదిలో నిలబడి చెప్పిన మాట. నా పీట మూడడుగులు. నేను కూర్చున్నా నా తల నిలబడ్డవాళ్ల తల ఎత్తున ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది, కింద పోలమ్మ పొద్దుటి సాధన జరుగుతూ ఉంటుందని.

లిఫ్టు బస్తాలతో అడుగున ఉంది. రెండు వందల నలభై మెట్లు. మోకాళ్ల మాట నాకు తెలియదు, ఎలా దిగానో తెలియదు. దారిలో జగ్గునాయుడి తలుపు గుద్ది "ఆరో వరస, నేల మీద గాలి లేదు" అని అరిచాను. కాగితం ఏదండీ అనలేదు అతను, అంతవరకు నయం.

గదిలో నూట ఇరవై మందికి పైగా ఉన్నారు. లేవండి, లేవండి అని అరిచాను. ఇద్దరు ముగ్గురు కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూసుకున్నారు. పోలమ్మ ముందు వరసలో ఉంది. భుజం పట్టి కుదిపితే, తాగినదానిలా నవ్వుతూ, "కోపమొచ్చినాదేటి గంటమ్మా? నీ పట్టీ సూసుకో, ఎన్ని కదలికలో" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకడి చేయి పట్టి లాగాను, గోనెసంచిలా నా మీద ఒరిగిపోయాడు. అరిచాను, తిట్టాను, చెంపలు వాయించాను. నాలుగు నిమిషాలు అలా అరిచానని, నా పట్టీ లెక్క చూసి జగ్గునాయుడు తర్వాత చెప్పాడు.

నాలుగు నిమిషాల తర్వాత గుర్తొచ్చింది, వీళ్లు నా మాటకు లేచే వాళ్లు కాదు, గంటకు లేచే వాళ్లు. పీట ఎక్కి గంట కొట్టాను. ఆపకుండా కొట్టాను. లేవగలిగిన వాళ్లంతా లేచారు. నిలబడ్డాక ఒక్కొక్కరికీ తెలివి వచ్చింది, వచ్చాక కేకలు మొదలయ్యాయి, ఒకరినొకరు ఈడ్చుకుంటూ బయట పడేశారు.

తొమ్మిది మంది లేవలేదు. పోలమ్మ భర్త వాళ్లలో ఉన్నాడు. అసిరమ్మను గోడ వారనుంచి నేనే ఈడ్చాను. ఊపిరి ఉంది.

వర్షావాసం, 44వ రోజు

గాదె గోడకు అడుగున జానెడు పగులు. ధాన్యానికి పురుగు పట్టకుండా గాదెలో చల్లని నత్రజని నింపుతారు. పురుగుకు ఊపిరాడదు, ధాన్యం నిలవుంటుంది. ఆ చల్లని గాలి బరువుగా నేలనంటి పాకి, గదిలో రెండున్నర అడుగుల ఎత్తున మడుగు కట్టింది. వాసన లేదు, ఉక్కిరిబిక్కిరి కాదు. మనిషికి నిద్ర వచ్చినట్టు ఉంటుంది, హాయిగా ఉంటుంది. ఐదడుగుల ఎత్తున ఉన్న మీటరుకు అదేమీ తెలియదు.

"మీ తప్పేం లేదండి గంటమ్మగారూ" అన్నాడు జగ్గునాయుడు. "మీటరు నిలబడ్డ మనిషికని పెట్టాం. ఇవాళే అన్ని గదుల్లోనూ నేలకి దింపించేస్తున్నానండి."

చేతులు కాలాక ఆకులు. నా తప్పు లేదంటే నాకు ఒళ్లు మండిపోయింది. "ఆవిడ ముప్పయి అయిదు రోజుల కిందటే చెప్పింది. చెప్పిన మనిషిని తీసుకెళ్లి ఆ పగులు పక్కనే కూర్చోబెట్టాను. ఇది ఎవరి తప్పు, మీటరుదా?" అన్నాను.

మొదటి భంతేను నేను చూశాను. ఇరవై ఏడేళ్లదాన్ని, కొండలోకి దిగిన తొలి వారం. ఇంటిల్లిపాదినీ పైన ఎండకు పోగొట్టుకుని వచ్చాను. ఆయన వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడి, "ఎక్కడ నొప్పిగా ఉందమ్మా?" అన్నాడు. నేను చెప్పలేదు. చెప్పేదాకా కళ్లు మూయలేదు ఆయన. గదిలో అందరూ ఎదురుచూశారు, గంట దాటిపోయింది. చివరికి చెప్పాను. అప్పుడు, "మనం కళ్లు మూసుకునేది ఈమె బాధ మర్చిపోవడానికి కాదు, ఈమెకు ఏం చెయ్యాలో తేటగా తెలియడానికి" అన్నాడు అందరితోనూ. ధ్యానం అయ్యాక నలుగురు నాతో పాటు నా వాటాకు వచ్చి పొయ్యి వెలిగించారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఉండి, పీట ఎక్కి, అంకెలు చదువుతూ కూర్చున్నాను. తెలియనివాళ్లను క్షమించవచ్చు, నన్నెలా క్షమిస్తారు?

వర్షావాసం, 63వ రోజు

అసిరమ్మ లేచి కూర్చుంటోంది. తినిపిస్తే తింటుంది. వైద్యుడు మెదడు కొంత చచ్చిపోయిందన్నాడు, తిరిగి రాదన్నాడు. కుడి చేయి ఆగి ఆగి వణుకుతుంది. ఎవరేమన్నా నవ్వుతుంది. తూకం రాయి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, నాకే ఇచ్చింది.

రోజూ వెళుతున్నాను. ఆ రోజు ఆవిడ ఒంటి మీదున్న చీర ఇవాళ ఉతకబోతే, రొంటి ముడిలో నాలుగు మడతల ఫిర్యాదు కాగితం దొరికింది. దాని మీద సంతకం పెట్టాను. పెట్టాక ఎవరికివ్వాలో తెలియలేదు. ఆవిడ ఒళ్లోనే ఉంచాను. "ఒక్క తిట్టు తిట్టవే అసిరమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నాను. నవ్వింది.

నేను ఏడుస్తుంటే అయిదో వరస ఆవిడ ఒకతె వచ్చి, గంటమ్మా, ఊపిరి మీద ధ్యాస పెట్టు అంది. నా దగ్గర నేర్చుకున్న మాటే. ఆవిడ మీద కాకుండా ఎవరి మీద అరవాలి నేను? అరిచాను. పట్టీ చూసుకుని భయపడి వెళ్లిపోయింది.

వర్షావాసం, 90వ రోజు. పవారణ

వర్షావాసం ఆఖరి రోజు పవారణ. ఒక్కొక్కరూ సంఘం ముందు చేతులు జోడించి కూర్చుని, నాలో మీరు చూసిన దోషం గానీ, విన్న దోషం గానీ, అనుమానపడ్డ దోషం గానీ ఉంటే దయ ఉంచి చెప్పండి అని అడగాలి. మొదటి భంతే రోజుల్లో నిజంగా చెప్పేవారు. వంటావిడ ఆయనకే చెప్పింది ఒకసారి, నువ్వు ముసలివాళ్లను కసురుకుంటున్నావని. తర్వాత తర్వాత చెప్పడం మానేశాం. సంఘం మౌనంగా ఉంటే అడిగినవాడిలో దోషం లేనట్టు. ఆ మౌనమే క్షమ అని ఇరవై ఏళ్లుగా నేర్పింది ఎవరు? నేనే.

ఆరు వరసలూ పెద్ద గదిలో కూర్చున్నాయి, పదకొండు వందల మంది. అసిరమ్మను కూడా తీసుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టారు, పట్టీ కట్టారు. నేను పీటను ముందే బయట పెట్టించేశాను. నేల మీద కూర్చుని మొదలుపెట్టాను.

పద్ధతిగా అడగలేదు. విప్పి చెప్పాను. అసిరమ్మ తొమ్మిదో రోజు చెప్పిందని చెప్పాను. తవుడు శవం చుట్టూ రెండు గంటలు నిలబెట్టింది నేనని చెప్పాను. సంతకం ఎందుకు పెట్టలేదో చెప్పాను. ఒక గయ్యాళి చెబితే వినడమేమిటన్న పొగరు, గెలుస్తున్న వరసను పోగొట్టుకోలేని ఆశ. ఆ గోడ వార చోటు చూపించింది నా వేలేనని వేలు ఎత్తి చూపించాను. "తవుడుతో కలిపి పదిమందిని చంపాను. చూశారు, విన్నారు. ఇక చెప్పండి" అన్నాను.

ఎవరూ చెప్పలేదు.

"మీ ఇళ్లలో మనుషులు పోయారు. నోళ్లు పడిపోయాయా?" అని అరిచాను. పదకొండు వందల ముఖాలు, అన్నీ నున్నగా, అన్నీ సగం మూసిన కళ్లతో. నేను చెక్కిన ముఖాలు.

మోకాళ్ల మీద పాకుతూ పోలమ్మ ముందుకు వెళ్లాను. తండ్రినీ మొగుణ్ణీ ఒకే వర్షావాసంలో పోగొట్టుకున్న మనిషి. "పోలమ్మా, నువ్వైనా తిట్టు. నా మీద ఉమ్మెయ్యి. నీ కాళ్లకు దండం పెడతాను, ఏదో ఒకటి అను."

పోలమ్మ కళ్లు తెరిచింది. కోపం లేదు ఆ కళ్లలో, దుఃఖం కూడా లేదు.

"కోపమొత్తే దాన్ని సూసి వొగ్గీమని నువ్వే సెప్పినావు కదా గంటమ్మా" అంది. "సూసినాను. వొగ్గీసినాను. నీ మీద నాకేటీ లేదు."

మళ్లీ కళ్లు మూసుకుంది. నేను అక్కడే, ఆవిడ కాళ్ల దగ్గర ఉండిపోయాను.

గంట ఎవరో కొట్టారు. జగ్గునాయుడు అంకెలు తెచ్చి, నన్ను లేపి గోడ దగ్గర కూర్చోబెట్టి, పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. నాది పక్కన పెడితే, పదకొండు వందల పట్టీల్లోనూ, నేను మొదలుపెట్టినప్పటి నుంచి గంట కొట్టేదాకా, ఒక్క పట్టీలోనే కదలికలు ఉన్నాయి. కొండలోకి దిగినప్పటినుంచి ఇంత నిలకడ ఎప్పుడూ లేదని సభవాళ్లు సంతోషిస్తున్నారని చెప్పాడు. సంతోషం అతని ముఖంలో లేదు.

"ఆ ఒక్కటీ అసిరమ్మగారిదండి" అన్నాడు. "కుడి చేయి. మీరు మాట్లాడినంత సేపూ ఆడుతూనే ఉంది. అంకె పక్కన కారణం గడిలో వణుకు అని రాసేయండి, జబ్బు లెక్కలోకి రాదు. అప్పుడు ఊరు మొత్తం సున్నా అవుతుంది."

నేను గోడవైపు చూశాను. అసిరమ్మ చేయి ఇంకా ఆడుతోంది, వేళ్లు మూసుకుంటూ, తెరుచుకుంటూ. ముఖంలో నవ్వు అలాగే ఉంది.

కారణం గడిలో కోపం అని రాశాను.